గేటు దగ్గర లేచేవాళ్ళు

"ఆ సినిమా మాత్రం ఈ ఏడు వద్దండీ. మీకు దణ్ణం పెడతాను. మేనేజరు గారితో చెప్పి ఇంకేదైనా తెప్పించండి. జరగరానిది జరిగాక నన్నని లాభం లేదు."

అప్పటికి ఆ ఫిల్ము డబ్బాలు రైలు కూడా ఎక్కి ఉండవు. మా ఆయన స్నానం చేసొచ్చి తల తుడుచుకుంటున్నారు. తువ్వాలు కాస్త పక్కకి తప్పించి, ఒక కంటితో నా వంక చూశారు.

"నీకు మబ్బు పడితే వరద, ఎవరైనా తుమ్మితే న్యుమోనియా. అది సినిమానే. పామా, తేలా?"

"పామైతే కర్రతో కొట్టొచ్చు" అన్నాను.

మా ఆయన సినిమా హాల్లో ఆపరేటరు. నేను అదే హాల్లో టికెట్ల కిటికీ వెనక కూర్చునేదాన్ని. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది కానీ టికెట్టు చింపి చిల్లర ఇవ్వడానికి ఆ చదువు సరిపోయేది. పెద్ద రోడ్డు మీద కొత్త హాళ్ళు వచ్చాక మాకు కొత్త సినిమాలు రావడం మానేశాయి. వానాకాలం వస్తే మరీ కష్టం. పైకప్పు రేకుల మీద చినుకుల మోతకి తెర మీద మాటలు వినపడేవి కావు. ఆ రోజుల్లో జనం తడుచుకుంటూ అయినా వచ్చేది ఒకే ఒక్క పాత సినిమాకి. ఏటా వానాకాలంలో దాన్ని తెప్పించి వేసేవాళ్ళం. ఆ ఏడు నిజంగానే యుద్ధం జరిగి, అయిపోయింది కూడా. ఇక జనం ఎగబడతారని మేనేజరు గారు చేతులు రుద్దుకుంటూ తిరిగారు.

అది యుద్ధం రోజుల ప్రేమకథ. బాంబుల భయానికి దీపాలన్నీ ఆర్పేసిన వీధిలో ఒక సైనికుడూ, రొట్టెల దుకాణంలో పనిచేసే పిల్లా ఒకరి మొహం ఒకరికి కనపడకుండానే మాట్లాడుకోవడం మొదలుపెడతారు. తెల్లారాక గానీ ఎవరు ఎవరో తెలియదు. ఆ తెల్లవారే సీను కోసమే ఆ సినిమా ఎన్నిసార్లయినా చూడొచ్చు. తర్వాత అతను యుద్ధానికి వెళ్తాడు. ఆమె ఎదురుచూస్తుంది. యుద్ధం అయిపోతుంది. అతను తిరిగొస్తాడు. ఆమె ఇంటి ముందు చిన్న చెక్క గేటు ఉంటుంది. దాని మీద చెయ్యి వేస్తాడు. లోపల కిటికీలో ఆమె.

అక్కడితో ఆపి ఉంటే, తీసినాయన ఎవరో గానీ ఆయన పేరు చెప్పుకుని రోజూ దీపం పెట్టేదాన్ని. ఆపలేదు. ఇంకో రీలుంది. అందులో అతను గేటు తోయడు. ఏదో అనుకుని వెనక్కి తిరిగి నడుస్తాడు. వంతెన మీదకి రాగానే, ఎప్పుడో పేలకుండా మిగిలిపోయిన బాంబొకటి పేలుతుంది. అంతే, సినిమా అయిపోతుంది. అతను ఎందుకు వెనక్కి తిరిగాడో, ఆ బాంబు సరిగ్గా అప్పుడే ఎందుకు పేలిందో ఎవరికీ తెలియదు. అంతసేపూ ఆప్యాయంగా వడ్డించి, చివరి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే కంచం లాగేసినట్టు ఉంటుంది.

మా హాలు జనం దీనికి ఉపాయం కనిపెట్టారు. అతని చెయ్యి గేటు మీద పడగానే లేచి బయటికి వచ్చేసేవారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. మొదటిసారి వచ్చినవాళ్ళే పాపం చివరిదాకా కూర్చుని ముక్కులు చీదుకుంటూ వచ్చేవాళ్ళు. తక్కినవాళ్ళంతా పెళ్ళింట్లోంచి వస్తున్నట్టు నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. అందుకని ఆ సీనుకి ముందే తలుపులు తీసి పెట్టడం మా హాలు రివాజు అయిపోయింది. అది చూస్తే మా ఆయనకి ఒళ్ళు మండేది. "టికెట్టు కొన్నది మొత్తం సినిమాకి. మీరు లేచిపోయినా నేను వేస్తాను" అని కుర్చీలు ఖాళీగా ఉన్నా చివరి రీలు పూర్తిగా వేసేవారు.

ఇంతకీ నా భయం మా అబ్బాయి గురించి.

ఎండలు ముదిరినప్పుడు వాడు యుద్ధం నుంచి తిరిగొచ్చాడు. ప్రాణాలతో వచ్చాడు, కాళ్ళూ చేతులూ ఉన్నాయి, అందుకు నేను ఎవరికి మొక్కాలో తెలియక కనపడిన ప్రతివాళ్ళకీ మొక్కాను. కానీ ఎడమ చెంప నుంచి మెడ దాకా కాలిపోయింది. ఆ చెవి సరిగ్గా వినపడదు. డాక్టరు, "గాయం మానింది, ఇక మీరే చూసుకోవాలి" అన్నాడు. ఏం చూసుకోవాలో చెప్పలేదు. వాడు మాటలు పోగొట్టుకున్నవాడేం కాదు. అడిగితే "ఊఁ" అనేవాడు, "చాలు" అనేవాడు, "వద్దు" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క అదనంగా రాలేది కాదు. ఆ ఉక్కలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకునే తిరిగేవాడు. వాళ్ళ నాన్న హాల్లో పనిప్పించారు. టార్చిలైటు పట్టుకుని జనాన్ని సీట్ల దగ్గరికి తీసుకెళ్ళే పని. చీకట్లో చేసే పని గనక ఒప్పుకున్నాడు.

పెళ్ళయిన కొత్తలోనే వాడికి సైన్యం నుంచి పిలుపొచ్చింది. కోడలు అప్పట్నుంచి మా దగ్గరే ఉండిపోయింది. ఆ పిల్ల కుట్టుమిషను మీద కూర్చుంటే లోకం తెలిసేది కాదు. వాడు వచ్చాక మాత్రం వీధి గదిలో ఒకరు, వంటింటి పక్క గదిలో ఒకరు పడుకోవడం మొదలైంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఎన్నాళ్ళని ఊరుకోను? ఆ పిల్ల అన్నయ్యకి ఎవరో చెప్పారు. "వానలు తగ్గగానే వచ్చి చెల్లెల్ని తీసుకెళ్తాను. మీ అబ్బాయి వద్దనుకుంటుంటే బలవంతంగా ఉంచుకోవడం మీకు మాత్రం బాగుంటుందా?" అని కబురు పెట్టాడు. మర్యాదగానే అడిగాడు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

ఇలాంటి ఏడు ఆ సినిమా. ఆడదాని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయే మగాణ్ణి మా వాడు రోజూ చూడాలి. పైగా మా వీధి చివర కూడా ఒక వంతెన ఉంది. నా మనసు ఎక్కడెక్కడికి పోయేదో చెప్పనక్కర్లేదు.

* * *

నా మాట ఎవరూ వినలేదు. సినిమా వచ్చింది. మేనేజరు గారు ఈసారి సీట్లు కూడా బాగు చేయిస్తానని, చిరిగిన కవర్లు కుట్టే పని మా కోడలికే ఇచ్చారు. మధ్యాహ్నం ఆట ఆడుతుంటే ఆ పిల్ల వెనక వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని, తలుపు వారగా తీసి పెట్టుకుని, తెర వంక ఒక కన్నేసి కుట్టుకునేది. చివరి రీలు రాకముందే ఏదో ఒక పని చెప్పి నేను ఇంటికి పంపించేసేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టానేమో చూసి రమ్మనేదాన్ని. వాన వచ్చేలా ఉంది, బట్టలు తియ్యమనేదాన్ని. ఒకరోజు ఏమీ తోచక, ఇంటికి తాళం వేశామో లేదో చూసి రమ్మన్నాను.

"అత్తయ్యా, తాళంచెవి మీ నడుముకే ఉంది."

"తాళం వెయ్యకుండా చెవి మాత్రం తెచ్చానేమో!"

ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళింది. పిచ్చితల్లి, సినిమా గేటు దగ్గరే అయిపోతుందనుకుంది. అనుకోదూ మరి? అక్కడే తలుపులు తెరుచుకునేవి, అక్కడే జనం లేచేవారు. దానికి తోడు మా నర్సమ్మ గారు. ఆవిడ ఆసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. ఆ సినిమా ఆడినన్నాళ్ళూ మధ్యాహ్నం ఆటకి గొడుగు వేసుకుని వచ్చేది. గేటు సీను రాగానే బయటికొచ్చి, నా కిటికీ దగ్గర ఆగి, "ఇద్దరూ క్షేమం" అని చెప్పి మరీ వెళ్ళేది. జ్వరం తగ్గిందని రోగి బంధువులకి చెప్పినట్టు చెప్పేది.

"చక్కటి సినిమా కదండీ" అంది కోడలు ఒకసారి ఆవిడతో, పళ్ళ మధ్య దారం పట్టుకునే. "ఎక్కడా కుట్టు తప్పలేదు."

నర్సమ్మ గారు నా వంక చూసింది. నేను వద్దన్నట్టు తల ఊపాను.

"తప్పలేదమ్మా" అంది ఆవిడ. "సరైన సమయానికి లేవడం తెలిసుండాలి, అంతే."

కోడలికి అదేం బోధపడలేదు. రాత్రి భోజనాల దగ్గర, "ఇవాళ కూడా గేటు దాకా వచ్చాడండీ మీ సైనికుడు" అని మా వాణ్ణి ఆటపట్టించేది. వాడు ఆ హాల్లోనే పుట్టి పెరిగాడు. ఆ చివరి రీల్లో ఏ అతుకు ఎక్కడుందో వాడికి తెలుసు. తలొంచుకుని అన్నం కలుపుకునేవాడు. మా ఆయన నీళ్ళు తాగేవారు. నేను అడక్కుండానే అందరికీ మారు వడ్డించేదాన్ని.

వానలు పలచబడుతుండగా ఒక మధ్యాహ్నం మేనేజరు గారి గదిలో ఫోను మోగింది. కోడలి అన్నయ్య. ఆ పిల్ల మాట్లాడి వచ్చి, తలుపు పక్కన టార్చిలో బ్యాటరీలు మారుస్తున్న మా వాడి ముందు నిలబడింది. టికెట్ల కిటికీ లోంచి నాకు వాళ్ళు కనపడలేదు గానీ మాటలు వినపడ్డాయి.

"అన్నయ్య ఆదివారం వస్తానంటున్నాడు. ఏం చెప్పమంటారు?"

బ్యాటరీ కింద పడి దొర్లిన చప్పుడు. వంగి తీసుకున్నట్టున్నాడు.

"నీ ఇష్టం" అన్నాడు.

కొట్టినా బాగుండేదేమో అనిపించింది నాకు.  తర్వాత మిషను చప్పుడు మొదలైంది. ఆ సాయంత్రం అవసరమున్న చోటా లేని చోటా, రెండేసి కుట్లు వేసింది.

* * *

శనివారం మబ్బులు మళ్ళీ కమ్ముకొచ్చాయి. మధ్యాహ్నం ఆట సగంలో ఉండగా ఒకటే వాన. వీధిలో మోకాళ్ళ దాకా నీళ్ళు. ఇక కోడల్ని ఏ పని చెప్పి ఇంటికి పంపను? వరండాలోకి జల్లు కొడుతోందని ఆ పిల్ల కుట్టే కవరు తీసుకుని లోపలికి వెళ్ళి, వెనక వరసలో కూర్చుంది.

నేను కిటికీ మూసేసి ఇనప మెట్లెక్కి క్యాబిన్లోకి పరిగెత్తాను. మా ఆయన చివరి రీలు మిషనుకి ఎక్కిస్తున్నారు.

"ఏమండీ, ఒక్క పూట. ఈ ఒక్క పూట అది వెయ్యకండి. కరెంటు పోయిందని చెప్పండి. రీలు తెగిందని చెప్పండి. అమ్మాయి లోపల కూర్చుంది."

"కూర్చోనీ."

"రేపు వాళ్ళన్నయ్య వస్తున్నాడు! వెళ్ళాలా ఉండాలా అని కొట్టుమిట్టాడుతున్న పిల్లకి అది చూపిస్తారా? ఇంక ఉంటుందా? వాడి సంగతో? వాడు అక్కడే నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకచోట చూడాలా దాన్ని?"

ఆయన ఫిల్ము పళ్ళచక్రానికి తగిలించి, మెల్లగా మూత వేశారు. నా మీద విసుక్కోలేదు. విసుక్కుంటే తేలిగ్గా ఉండేది.

"మనం దాచినన్నాళ్ళు దాచాం" అన్నారు. "దాచి ఏం బాగుపడ్డాం? కథ గేటు దగ్గరే అయిపోయిందని ఆ పిల్ల ఒక్కతే అనుకుంటోంది. వాడికి అవలేదు."

రీలు మార్చమనే గుర్తుగా తెర మీద కుడిచేతి మూల నల్లచుక్క కనపడింది. ఆయన రెండో మిషను తిప్పారు.

నా పెళ్ళయ్యాక నా మాట ఆయన విననందుకు నేను ఎన్నిసార్లు సాధించానో లెక్కలేదు. ఆ ఒక్కసారి విననందుకు మాత్రం ఇప్పటికీ పొద్దున్నే కాఫీ ఇస్తూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. పైకి చెప్పను. చెబితే నెత్తికెక్కుతారు.

నేను మెట్లు దిగేసరికి జనం వస్తున్నారు. నర్సమ్మ గారు గొడుగు విప్పబోయి నా మొహం చూసి ఆగిపోయింది. "ఇద్దరూ..." అని, మాట మింగేసి, నా భుజం తట్టి వెళ్ళింది. నేను తలుపు వారగా లోపలికి వెళ్ళి గోడకి ఆనుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చూశానేమో ఆ రీలు. ఆ తర్వాత అదే చూడటం.

మా వాడు అవతలి తలుపు దగ్గర, తెర వెలుగు పడని చోట నిలబడి ఉన్నాడు. కోడలు కుట్టిన కవరు మడత పెట్టుకుని లేవబోయింది. ముందు వరసల్లో ఇంకా కొందరు కూర్చునే ఉండటం చూసి, ఏమిటా అన్నట్టు మళ్ళీ కూర్చుంది.

తెర మీద అతను గేటు మీద నుంచి చెయ్యి తీశాడు. వెనక్కి తిరిగాడు. వంతెన వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ చప్పుడుకి రేకుల మీద వాన కూడా ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది.

లైట్లు వెలిగాయి. ఉన్న నలుగురూ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. కోడలు అలాగే కూర్చుంది. ఏడుస్తోందనుకుని, గుండె చిక్కబట్టుకుని దగ్గరికి వెళ్ళాను. ఏడవడం లేదు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఇంకా ఉందా అత్తయ్యా?"

"లేదమ్మా. అయిపోయింది."

"ఇదా అయిపోవడం? చొక్కా అంతా శుభ్రంగా కుట్టుకొచ్చి, కాలరు తలకిందులుగా పెట్టిచ్చినట్టుంది! మరి జనమంతా నవ్వుకుంటూ వస్తారే?"

"వాళ్ళు ముందే లేచి వచ్చేస్తారు తల్లీ."

"అంటే మీకు తెలుసు." నా సమాధానం కోసం చూడలేదు. "అందుకా పాలు, బట్టలు, తాళం! నర్సమ్మ గారికీ తెలుసు. మామయ్యగారు చేతులారా వేస్తున్నారు. ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు తప్ప." అని, మా వాడి వైపు తిరిగింది. "మీకూ తెలుసు. రోజూ గేటు దాకా వచ్చాడని నేను సంబరంగా చెబుతుంటే, అన్నం తింటూ విన్నారు."

వాడు టార్చి ఆర్పేశాడు. అది వెలుగుతోందని అప్పటిదాకా వాడికే తెలిసినట్టు లేదు.

"ఆ గేటుకి గొళ్ళెం కూడా లేదండీ. నేను రోజూ చూస్తున్నాను కదా. గాలికి ఊగుతుంటుంది. వేలితో నెట్టినా తెరుచుకునేదే. ఎందుకు నెట్టలేదు? అంత దూరం నుంచి వచ్చి, ఆ కాస్త ఎందుకు నెట్టలేదు? మీరు చెప్పండి. యుద్ధం నుంచి వచ్చిన మనిషి మీరు. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

 పైన క్యాబిన్లో రీలు తిరగచుట్టే చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి అదీ ఆగింది. గోడలో ఉన్న చిన్న కంతలోంచి మా ఆయన చూస్తున్నారని తల ఎత్తకుండానే నాకు తెలిసింది. వాడు ఎప్పుడు ఇలా ఊరుకున్నా వాడి బదులు నేనే ఏదో ఒకటి అనేసేదాన్ని. నీరసంగా ఉన్నాడమ్మా అనో, చెవి వినపడలేదేమో అనో. అప్పుడూ నాలిక చివరిదాకా వచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. వాన అలా కొడుతూనే ఉంది. కోడలు కదల్లేదు, చూపు తిప్పలేదు. ఆ పిల్లకి ఎంత ఓపికో, ఆ రోజే చూశాను.

"కిటికీలో ఆమె నవ్వుతోంది" అన్నాడు వాడు.

 దగ్గి, మళ్ళీ అన్నాడు.

"ఆ నవ్వు కోసమే వచ్చాడు. తను లోపలికి వెళ్తే అది ఆగిపోతుందనుకున్నాడు. నేను వచ్చిన రోజు ఆగిపోయింది కదా."

కోడలు కాదని అనలేదు. అబద్ధం చెప్పే పిల్ల కాదు.

"ఆగిపోయింది" అంది మెల్లగా. "భయపడ్డాను. అయితే?"

మా వాడు తలుపు దగ్గర్నుంచి కదిలాడు. లైటు కిందుగా, సీట్ల మధ్య నుంచి నడిచి వచ్చి, ఆ పిల్ల కొత్తగా కవరు వేసిన సీట్లో, ఆమె పక్కన కూర్చున్నాడు. ఖాళీ తెర వంక చూశాడు.

"ఆగిపోతే, మళ్ళీ మొదలయ్యేదాకా అక్కడే కూర్చోవాల్సింది" అన్నాడు. "వంతెన దాకా పోయి ఏం సాధించాడు, వెధవ."